టిప్పర్లు ఏ దోవన పోతాయి?

కొత్త క్వారీ వస్తుందంటే మా కడప జిల్లా పల్లెల్లో పేలుళ్ల గురించి, దుమ్ము గురించి మాట్లాడతారు. దోవ గురించి అడిగేవాళ్లు తక్కువ. 2021 మే 8న కలసపాడు మండలం మామిళ్లపల్లె క్వారీ దగ్గర జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి పదిమంది చనిపోయారు. ఆ సరుకు కూడా మనం తిరిగే రోడ్ల మీదనే కదా వచ్చింది!

టిప్పర్ మలుపు తిరిగినప్పుడల్లా వెనక డోరు సందుల్లోంచి కంకర రాలుతుంది. పొద్దుగూకినాక పాల క్యాన్లు కట్టుకొని బండి మీద వచ్చేవాడికి అది కనపడదు. ముందు చక్రం జారుతుంది, అంతే. శనక్కాయ పనులకు ఆడోళ్లను ఎక్కించుకొని పోయే ఆటోలకూ ఆ సింగిల్ రోడ్డే గతి.

అధిక లోడుకు 2019 మోటారు వాహనాల చట్ట సవరణలో 20 వేల రూపాయల జరిమానా పెట్టారు, అదనపు టన్నుకు ఇంకో 2 వేలు. అయినా ట్రిప్పుల లెక్కన కూలి ఇస్తే డ్రైవర్ నిదానంగా ఎట్లా పోతాడు? తప్పంతా అతని మీద వేయడం అన్యాయం.

క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే 30 రోజుల ముందే పేపర్లో నోటీసు ఇయ్యాల. మీ ఊరి పేరు కనపడితే తప్పకుండా పోండి. రోజుకు ఎన్ని టిప్పర్లు, ఏ దోవన, బడి వేళల్లో ఆపుతారా లేదా అని అడగండి. చెప్పిన జవాబు మినిట్స్‌లో రాయించండి.