నాలుగు తీగల ఖర్చు

2023 సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన మా పిన్నిగారబ్బాయి, భోగి రోజు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. గుంటూరులో మాది పైనొక గది ఉన్న డాబా ఇల్లు. వీధి వరండాలో ఇంటర్నెట్ వాళ్ల ఫైబర్ డబ్బా ఉంటుంది. ముందు దానికి నేరుగా వైరు పెట్టి స్పీడు చూశాడు. 288 వచ్చింది. ఆ డబ్బా నుంచి హాల్లోని మా రౌటరుకు వచ్చే వైరు ఊడదీసి ల్యాప్‌టాప్‌కు పెట్టాడు. 94. ఆ వైరు మళ్లీ రౌటరుకు పెట్టి, హాల్లోనే వైఫై మీద చూస్తే 38. మెట్లెక్కి, నేను పనిచేసుకునే గదిలో చూస్తే 11.

"అక్కా, ఎంత స్పీడుకు డబ్బు కడుతున్నావు?" అని అడిగాడు.

300 ఎంబీపీఎస్‌కు. నెలకు 1,499 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఆరు నెలలది ఒకేసారి కడితేనే ఓటీటీలు ఉచితమంటే 10,613 రూపాయలు కట్టి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. ఆ ఓటీటీల్లో మేం చూసేది ఒక్కటే.

నేను మెడికల్ కోడింగ్ చేస్తాను. 2020 జూన్‌లో ఇంటి నుంచి పని మొదలయ్యాక ఈ కనెక్షన్ పెట్టించాం. అప్పుడది 699 రూపాయల ప్లాను, 100 ఎంబీపీఎస్. హాల్లో అత్తయ్య టీవీలో ప్రవచనం పెట్టుకుంటే పై గదిలో నా కాల్ తెగిపోయేది. పాప ఆన్‌లైన్ క్లాసులో టీచరు బొమ్మ ఉన్నచోటనే బిగుసుకుపోయేది. ఫోన్ చేసిన ప్రతిసారీ అవతలి నుంచి ఒకటే మాట: "ఇంట్లో వాడకం పెరిగింది మేడం, పై ప్లానుకు మారండి." 2021 జనవరిలో 999 ప్లానుకు మారాం. తేడా తెలియలేదు. 2022 జనవరిలో 1,499కు వెళ్లాం. మధ్యలో 1,800 పెట్టి ప్లగ్గులో గుచ్చే రిపీటర్ ఒకటి కొన్నాం. దాంతో ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపించేవి, వేగం మాత్రం సగానికి పడిపోయేది. ఆ రకం రిపీటర్ ఒకే రేడియోతో అందుకుని, మళ్లీ అదే రేడియోతో పంపాలి. ప్రతి డేటా ముక్కా రెండుసార్లు ప్రయాణం చేస్తుంది.

ఆ సాయంత్రం మా వారు పాత బిల్లులు తీసిపెడితే నేను లెక్క వేశాను. 699 నుంచి 999కు మారినందుకు జీఎస్టీతో కలిపి నెలకు 354 అదనం. పన్నెండు నెలలకు 4,248. తర్వాత 1,499కు మారినందుకు 699తో పోలిస్తే నెలకు 944 అదనం. అప్పటికే కట్టేసిన ఆరు నెలలతో కలిపి పద్దెనిమిది నెలలకు 16,992. మొత్తం 21,240, రిపీటర్‌తో 23,040. నా మనసుకు కష్టం కలిగించింది ఆ అంకె ఒక్కటే కాదు. 2022లో అత్తయ్యకు శుక్లాల ఆపరేషన్ చేయించాల్సి వస్తే, చేతిలో డబ్బు ఆడడం లేదని మూడు నెలలు వాయిదా వేశాం. ఆ మూడు నెలలూ ఆవిడ మసక కళ్లతోనే మెట్ల పక్క గోడ తడుముకుంటూ నడిచింది. అవే నెలల్లో ఈ బిల్లు మాత్రం ఒక్కరోజు ఆలస్యం లేకుండా కట్టాం. నెల నెలా పోయే డబ్బును మేం ఖర్చు కింద చూడలేదు, కరెంటు బిల్లులా తప్పనిదనుకున్నాం.

ఇక 288 కాస్తా 94 ఎలా అయిందన్న సంగతి. తమ్ముడు ఆ వైరు చివరనున్న పారదర్శకపు ప్లాస్టిక్ క్లిప్పును కిటికీ వెలుతురుకు పట్టి, "లెక్కపెట్టు" అన్నాడు. నారింజ చారల తెల్ల తీగ, నారింజ, ఆకుపచ్చ చారల తెల్ల తీగ, ఆకుపచ్చ. నాలుగే. నీలం జత, గోధుమరంగు జత బయటి తొడుగు దగ్గరే కోసేసి ఉన్నాయి. ఎనిమిది తీగలూ కలిపితేనే ఆ వైరులో 1,000 ఎంబీపీఎస్ దాకా వెళుతుంది. నాలుగే కలిపితే 100 దగ్గర ఆగిపోతుంది, చేతికొచ్చేది 94, 95. కనెక్షన్ పెట్టినప్పుడే అలా క్రింప్ చేసి వెళ్లారు. 100 ప్లానుకు అది సరిపోయింది కాబట్టి ఎవరికీ కనబడలేదు. తర్వాత రెండుసార్లు ప్లాను పెంచినా ఆ క్లిప్పును ఎవరూ ముట్టుకోలేదు. మా రౌటరు కూడా 2018లో కొన్నది, దాని పోర్టులూ 100 వరకే.

మిగతా పతనం గోడలది, స్లాబుది. పాత రౌటరు వైఫై 4 రకం, 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే పలుకుతుంది. ఆ బ్యాండులో ఒకదాన్నొకటి తాకని ఛానళ్లు మూడే: 1, 6, 11. మా హాల్లో ఫోన్ తీసి చూస్తే చుట్టుపక్కల ఇళ్లవి పదిహేడు వైఫై పేర్లు కనిపించాయి. అన్నీ ఆ మూడింటి మీదే తోసుకుంటున్నాయి. పైగా రౌటరు టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన ఉంది. కుళాయి మూతిలో నాచు పేరుకుంటే డాబా మీద ట్యాంకు పెద్దది చేయించుకున్నట్టుంది మేం చేసిన పని.

కొనే ముందు మాకు అసలెంత కావాలో కాగితం మీద రాశాం. టీవీలో 4కే సినిమాకు 25 అనుకున్నా, రెండు వీడియో కాల్స్‌కు 8, మిగతా ఫోన్లకు 10. అందరూ ఒకేసారి వాడినా 43 దాటదు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు, ఒక జీబీ ఫైలు ఎనభై సెకన్లలో దిగుతుంది. అంటే 2020లో తీసుకున్న 699 ప్లానే మా ఇంటికి ఎక్కువ.

మా వారికి మూడు డబ్బాల మెష్ సెట్ మీద మనసు పోయింది. 17 వేలు, నో కాస్ట్ ఈఎంఐ. పేరుకు నో కాస్టే గానీ ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ, వడ్డీ మీద జీఎస్టీ కార్డు బిల్లులో వచ్చిపడతాయి. పెద్ద ఇళ్లకు మెష్ మంచిదే. మాది ఒక్క మెట్ల దారి ఉన్న ఇల్లు. రౌటరును మెట్ల మలుపులో ఎత్తుగా పెడితే కిందా పైనా సరిపోతుందని తేల్చాం. వైఫై 6ఈ అని రాసి ఉన్న ఖరీదైన రౌటర్లు కూడా చూశాం. అవి అదనంగా వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండును ఇళ్లలో వాడడానికి అప్పటికి మన దేశంలో అనుమతే లేదు. లేని దారికి టోల్ ఎందుకు కట్టాలి?

చివరికి 3,400 పెట్టి వైఫై 6 రౌటరు కొన్నాం. పెట్టె మీద 1500 అని ఉంటుంది. అది 2.4లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 1,200 కలిపి వేసిన అంకె. ఏ ఒక్క ఫోనుకూ ఆ మొత్తం రాదు. కొనేవాళ్లు ఆ అంకె కన్నా పోర్టులు గిగాబిట్‌వా కావా అన్నది ముందు చూడాలి. కొత్త వైరు, క్లిప్పులు, గోడకు పైపు కలిపి 550. ఎలక్ట్రీషియన్‌కు 800. మొత్తం 4,750.

అప్పటికి ఇంట్లో వైఫై 6 పలికే ఫోను నాదొక్కటే. మరి వెయ్యి రూపాయలు తక్కువకు వైఫై 5 రౌటరు దొరుకుతుంటే ఇది ఎందుకంటే, రౌటరు ఐదారేళ్లు ఉంటుంది, ఫోన్లు ఈలోగా మారిపోతాయి. ఇంకో కారణం ఇంట్లో వస్తువుల సంఖ్య. టీవీ, కెమెరా, ల్యాప్‌టాప్‌లు కలిపి లెక్కపెడితే పదకొండు తేలాయి. 2019లో సర్టిఫికేషన్ మొదలైన ఈ తరం వైఫై అసలు బలం అక్కడే. మా వారు మిర్చి యార్డులో గుమాస్తా. అక్కడ మిర్చి బస్తాను టిక్కీ అంటారు. ఆయనకు తమ్ముడు చెప్పిన తీరు నాకు బాగా గుర్తు: "బావగారూ, ఇదివరకు ఒక రైతు ఒక్క టిక్కీ తెచ్చినా దానికో లారీ పంపేవాళ్లు, మిగతావాళ్లు లైన్లో నిలబడేవాళ్లు. ఇప్పుడు ఒకే లారీలో నలుగురి టిక్కీలూ వేసి పంపుతారు." పాత ఫోన్లకు ఈ లారీ సౌకర్యం ఉండదు. వాటికి కలిసొచ్చింది 5 గిగాహెర్ట్జ్, రౌటరు చోటు మారడం.

కొత్త వైరు, రౌటరు పెట్టిన రోజు హాల్లో 260, పై గదిలో నా ఫోన్లో 140, పాత ల్యాప్‌టాప్‌లో 110 వచ్చాయి. ముందే డబ్బు కట్టిన ఆరు నెలలూ జూన్ ఆఖరుకు అయిపోగానే 699 ప్లానుకు దిగాం. దిగుతామంటే కూడా రెండుసార్లు ఫోన్ చేసి వారించారు. ఇప్పుడు కిందా పైనా 90 పైనే వస్తుంది. ఒక్క కాల్ తెగలేదని చెప్పను. కరెంటు పోయినప్పుడు తెగేది. 1,300 పెట్టి చిన్న యూపీఎస్ కొన్నాక అదీ తీరింది.

నెలకు మిగిలిన 944తో నవంబరుకల్లా రౌటరు ఖర్చు ఇంచుమించు తిరిగొచ్చింది. ఆ డబ్బు మళ్లీ ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుందన్న భయంతో 2023 డిసెంబరులో పోస్టాఫీసులో నెలకు 940 రూపాయల ఆర్‌డీ కట్టడం మొదలుపెట్టాను. వడ్డీ 6.7 శాతం, ఐదేళ్లు. మేం కట్టేది 56,400, 2028 డిసెంబరులో చేతికొచ్చేది సుమారు 67 వేలు. అత్తయ్య పేరు నామినీగా రాయించాను. ఆ డబ్బు ఇంట్లో వైద్యానికి తప్ప దేనికీ తీయకూడదని మా వారూ నేనూ అనుకున్నాం.

నెట్ స్లోగా ఉందని పై ప్లానుకు మారాలనుకుంటున్నవారు ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. ఫైబర్ డబ్బాకు నేరుగా వైరు పెట్టి ఒకసారి, రౌటరు పక్కన ఒకసారి, మీరు కూర్చునే గదిలో ఒకసారి స్పీడు చూసి మూడు అంకెలూ రాసుకోండి. డబ్బా దగ్గరే తక్కువ వస్తే కంపెనీ వాళ్లను పిలవండి. అక్కడ బాగుండి గదిలో తగ్గితే మీరు కట్టే ప్లానుతో దానికి సంబంధం లేదు. డబ్బా నుంచి రౌటరుకు వచ్చే వైరు చివర క్లిప్పును వెలుతురుకు పట్టి చూడండి, ఎనిమిది తీగలుండాలి.