మా పాత సైకిలు



"ఇంకా ఈ సైకిలేనా అయ్యగారూ?" అనే మాట వారానికి ఒక్కసారైనా మా చెవిని పడుతుంది. పాల కేంద్రము దగ్గర అడుగుతారు, ఎరువుల కొట్టు దగ్గర అడుగుతారు, పెండ్లి ఇండ్లలో విస్తరి ముందు కూర్చున్నప్పుడు కూడా అడుగుతారు. అడిగేవారిది తప్పు కాదు. పదో తరగతి పిల్లవాడు మోటారు సైకిలు కావాలని ఇంట్లో అన్నము మానేసే రోజులివి. సంఘము వారు మాకూ ఒక మోటారు సైకిలు కొని ఇచ్చారు. అది మా వసారాలోనే ఉన్నది. అయినా వారములో అయిదు రోజులు మేము సైకిలు మీదనే ఎందుకు వెళ్తున్నామో ఈ నెల మీతో చెప్పుకోవాలనిపించింది. ఇది గొప్పగా చెప్పుకొనే సంగతి కాదు. ఇందులో మా తప్పు ఒకటి ఉన్నది.

మేము చూచే సంఘములు మూడు. చిలకలూరిపేటకు, పర్చూరుకు మధ్య నల్లరేగడి చేలలో ఉన్న చిన్న పల్లెలు. ఊరికీ ఊరికీ అయిదారు కిలోమీటర్లు. ఒకప్పుడు వాటిలో ఒకటి గుంటూరు జిల్లా, రెండు ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ఒకటి పల్నాడులోనికి, రెండు బాపట్లలోనికి వెళ్ళాయి. కాగితము మీద జిల్లాలు మారాయి గాని దారిలోని గుంటలు మాత్రము ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏ గుంట ఎక్కడున్నదో మా సైకిలుకు బాగా తెలుసు.

ఆ సైకిలు మా నాన్నగారిది. ఆయన కూలికి వెళ్ళి, నాలుగేళ్ళు కూడబెట్టి, ఒకరి దగ్గర పాత అట్లాస్ సైకిలు కొన్నారు. దాని మీదనే మేము నేర్చుకొన్నాము. సీటు అందే వయస్సు కాదు గనుక ముందు కడ్డీ క్రింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు, ఆ తరువాత కడ్డీ మీద, చివరికి సీటు. మోకాలి మీది మచ్చ నేటికీ సాక్ష్యము. ఈ సైకిలు చేసిన అట్లాస్ కంపెనీ 1951లో హర్యానాలోని సోనీపత్‌లో ఆరంభమైనది. సాహిబాబాదులో ఉన్న దాని పెద్ద ఫ్యాక్టరీలో 2020 జూన్ 3న పని ఆగిపోయింది. చిత్రమేమంటే ఐక్యరాజ్య సమితి ప్రకటించిన ప్రపంచ సైకిలు దినోత్సవము కూడా జూన్ 3వ తేదీయే. ఆ వార్త చదివిన సాయంత్రము మేము ఊరకే వెళ్ళి నాన్నగారి సైకిలును గుడ్డతో తుడిచి వచ్చాము.

సైకిలు ప్రయాణములో కష్టములు లేవని మేము చెప్పము. వాన పడితేనే నల్లరేగడి సంగతి తెలుస్తుంది. చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య మట్టి కూరుకొని చక్రము తిరగనంటుంది. దిగి పుల్లతో గోకాలి. పది గజములు పోగానే మళ్ళీ దిగాలి. కొంతసేపటికి మనము సైకిలెక్కుట పోయి సైకిలే మన భుజమెక్కుతుంది. వాన లేని రోజుల్లో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముండ్లు. వెనుక చక్రము ఒక్కసారిగా బరువెక్కిందంటే సంగతి అర్థమైనట్లే. ఇప్పటి పంచరు కొట్లు చాలా వరకు మోటారు సైకిళ్ళవే గనుక ఆ పని మేమే నేర్చుకొన్నాము. ట్యూబు పైకి లాగి, నీళ్ళ పళ్ళెములో ముంచి, బుడగలెక్కడ వస్తాయో చూచి, అక్కడ గీకి, సొల్యూషను పూసి, ముక్క అంటించుట. పళ్ళెము లేని చోట మురుగు కాలువే పళ్ళెము. ప్రసంగమునకు తెల్లచొక్కాతో బయలుదేరి, చేతులు నల్లగా చేసుకొని ప్రసంగపీఠము ఎక్కిన ఆదివారములు లేకపోలేదు.

ఈ గాలి టైరు కూడా ఒక తండ్రి ప్రేమ వలన వచ్చినదే. బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కుమారుని మూడు చక్రముల బండి కుదుపులు తగ్గించుటకు దానిని చేసి, 1888లో పేటెంటు పొందాడు. 1842లో గుంటూరు చేరిన హయ్యరు దొరగారికి, 1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొరగారికి ఆ సదుపాయము లేదు. పంచరు పడినప్పుడల్లా ఈ సంగతి తలంచుకొని మేము సణుగుట మానుకొంటాము. అన్ని సార్లూ కాదు, కొన్ని సార్లు.

మే నెలలో పడమటి వడగాలి ఎదురుగా కొడుతుంటే, తొక్కుతున్నామా నిలబడి ఉన్నామా తెలియదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. దూరము నుంచి ఎర్రని దుప్పటి పరచినట్లు కంటికి ఇంపుగా ఉంటుంది. దగ్గరకు వెళ్తే ఆ ఘాటుకు తుమ్ములు మొదలై హేండిలు అదుపు తప్పుతుంది. పేట దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి, అదే మన పాత 5వ నంబరు రోడ్డు, దాటేటప్పుడు గుంటూరు మిర్చి యార్డుకు పోయే లారీలు ప్రక్కనుంచి వెళ్తే ఆ గాలికే సైకిలు ఊగిపోతుంది. రాత్రి పూట ఎదుటి లైట్లకు కండ్లు కనబడవు. అందుకే వెనుక మడ్‌గార్డుకు ఎర్రగా మెరిసే స్టిక్కరు అంటించి, చేతిలో టార్చి పెట్టుకొంటాము. సైకిలు మీద వెళ్ళే ప్రతి సహోదరుడూ ఈ రెండు పనులు తప్పక చేయాలని మా మనవి.

సంతోషములూ ఉన్నాయి. పైరగాలి వెనుక నుంచి తోసే సాయంత్రము తొక్కకుండానే ఊరు వచ్చేస్తుంది. వెళ్ళేటప్పుడు ఖాళీగా వెళ్ళిన హేండిలు వచ్చేటప్పుడు గోంగూర కట్టతోనో, దోసకాయలతోనో వస్తుంది. 2014-19 మధ్య ఉన్నత పాఠశాల ఆడపిల్లలకు 'బడికొస్తా' పథకము క్రింద సైకిళ్ళు ఇచ్చినప్పుడు మా పల్లె పిల్లలు గుంపుగా మాతో పందెము వేసుకొని వచ్చేవారు. వారిని చూచి మా భార్య కూడా నేర్చుకొన్నది. ఒక పెద్దావిడ మాత్రము, "అమ్మగారు సైకిలు తొక్కుటేమిటి?" అని ముక్కు మీద వేలు వేసుకొన్నారు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1991 ప్రాంతములో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలాది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకొని, ఎవరి మీదా ఆధారపడకుండా తమ పనులకు తామే వెళ్ళారని ఆ పెద్దావిడకు చెప్పాము. ఆ మాటకు ఆమె ఒప్పుకొన్నారో లేదో గాని, ఆరు నెలలు తిరగకముందే మా భార్య సైకిలు మీద వెనుక కూర్చుని స్త్రీల కూటమికి వచ్చారు.

మరి మోటారు సైకిలు ఎందుకు వచ్చింది? అది కూడా చెప్పాలి.

ఒక నవంబరు రాత్రి, రెండవ ఊరిలో మంచము పట్టి ఉన్న ఒక వృద్ధురాలు మమ్మును చూడాలని అడుగుతున్నదని ఫోను వచ్చింది. తుపాను వాన. డొంక దారిలో చక్రము బిగుసుకుపోయింది. గోకి గోకి, చివరికి సైకిలు భుజాన వేసుకొని నడిచాము. మామూలుగా అరగంట దారి. ఆ రాత్రి రెండు గంటలు పట్టింది. మేము గడపలో కాలు పెట్టేసరికి ఆమె వెళ్ళిపోయింది. కుమారుడు మమ్మును ఒక్క మాట అనలేదు. కాళ్ళు కడుక్కోవటానికి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆ నీళ్ళు పోసుకొంటుంటే మాకు దుఃఖము ఆగలేదు. ఆ మరుసటి నెలలోనే సంఘ పెద్దలు తలా కొంత వేసుకొని పాత మోటారు సైకిలు ఒకటి కొన్నారు. ఎక్కువ వేసినవాడు ఆ కుమారుడే.

బండి వచ్చాక మా పని తేలికైనది. మూడు ఊళ్ళలో ఆరాధనలు ముగించుకొని మధ్యాహ్న భోజనానికి ఇంటికి చేరేవారము. ఒకే సాయంత్రము ఎన్నో ఇండ్లు దర్శించేవారము. ఇన్నేళ్ళు ఎంత సమయము వృథా చేశాము అనుకొన్నాము. సైకిలు గొడ్ల సావిడిలోనికి పోయింది.

2025 ఆరంభములో మిర్చి ధర పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్యపు పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు అని ప్రకటించింది. సొంత పొలము ఉన్నవాడే లెక్క వేసుకొని తల పట్టుకొన్నాడు. కౌలు ముందే కట్టి, మందులు అప్పు తెచ్చి, కోత కూలి రోజూ లెక్కపెట్టి ఇచ్చే కౌలురైతు మాట చెప్పనక్కరలేదు. ఈ నేలకు ఇది క్రొత్త కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినివేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో రైతులు ప్రాణములు తీసుకొన్న సంగతి పెద్దలెవరూ మరువలేదు. చిన్ననాటి నుంచి ఆ మాట వింటూ పెరిగిన మాకు తెలిసి ఉండవలసినది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రము మూడవ ఊరికి వెళ్తున్నాము. తూము దగ్గర మా సంఘములోని ఒక కౌలురైతు సైకిలు పట్టుకొని నిలబడి ఉన్నాడు. మమ్మును చూచి చెయ్యి ఎత్తాడు. వందనము చెప్పుచున్నాడనుకొని మేమూ చెయ్యి ఎత్తి, చిరునవ్వు నవ్వి, సాగిపోయాము. కూటమికి పది నిమిషములు ముందే చేరాము. ఆ రాత్రి అతడు తన ప్రాణము తీసుకోబోయాడు. భార్య చూడబట్టి, ఇరుగుపొరుగు వెంటనే ఆస్పత్రికి చేర్చబట్టి, దేవుని కృపవలన బ్రతికాడు.

గుంటూరులో ఆస్పత్రి మంచము ప్రక్కన కూర్చున్నప్పుడు అడిగాము. "ఆ రోజు తూము దగ్గర మాతో ఏమన్నా చెప్పాలనుకొన్నావా తమ్ముడూ?"

అతడు చాలాసేపు పైకి చూస్తూ ఉన్నాడు. "ఆపుతారేమోనని చెయ్యి ఎత్తానండీ. బండి మీద పోతున్నారు గదా, తొందర పనిమీద ఉన్నారులే అనుకొన్నా. సైకిలు రోజుల్లో అయితే మీరే దిగేవాళ్ళండీ అయ్యగారూ."

ఆ మాటలో నింద లేదు. అందుకే అది మమ్మును అంతగా గ్రుచ్చింది. యెరికో దారిన గాయపడినవానిని చూచి ప్రక్కగా పోయిన యాజకుని మీద మేము ఎన్ని ప్రసంగములు చేశామో లెక్కలేదు. ఆ యాజకునిలో ఏనాడూ మమ్మును మేము చూచుకోలేదు. అతడు కూడా బహుశః కూటమికి సమయానికే చేరి ఉంటాడు.

ఇంటికి వచ్చి మరునాడే సావిడిలోనుంచి సైకిలు తీశాము. రెండు టైర్లూ మార్చాము, చైనుకు నూనె వేశాము. అయితే మోటారు సైకిలు అమ్మివేయలేదు. అమ్ముదామన్నప్పుడు మా భార్య ఒక్కమాట అన్నది. "బండిది తప్పా? ఆ సమరయునికీ వాహనమున్నది. ఆయన దిగాడు. అంతే గదా?" ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. రాత్రివేళ, వానవేళ, ఆపదలో ఉన్నవారు పిలిచినప్పుడు బండి. మిగిలిన రోజులన్నీ సైకిలు. మాకు దిగుట ఇంకా సరిగా అలవాటు కాలేదు గనుక, దిగుట సులభముగా ఉన్న వాహనమునే ఎక్కువగా వాడుకొంటున్నాము.

సైకిలు మీద పోయేవానిని ఎవరైనా ఆపుతారు. చెయ్యి ఎత్తక్కరలేదు, పేరు పిలిస్తే చాలు వినబడుతుంది. ఎవరి గొడ్డు ఈనిందో, ఎవరి బిడ్డ జ్వరముతో ఏడుస్తున్నదో, ఎవరి చేతులు మందు కొట్టి మండుతున్నాయో, ఎవరి పొయ్యి ఇంకా రాజలేదో దారి పొడుగునా తెలుస్తుంది. ఇప్పుడు మూడవ ఊరు చేరుటకు మాకు ఒక్కొక్క రోజు గంటన్నర పడుతుంది. ఆలస్యమైతే పాటలు మొదలుపెట్టమని సంఘము వారికి ముందే చెప్పి ఉంచాము.

ప్రియులారా, మీ ఇంటిలో బండి ఉంటే సంతోషమే. కాని తూము దగ్గర, బోదె దగ్గర, కల్లములో ఒంటరిగా నిలబడిన మనిషి కనబడితే ఒక్క నిమిషము ఇంజను ఆపండి. "ఏమయ్యా, బాగున్నావా?" అని అడిగి, జవాబు వచ్చేవరకు ఉండండి. మీకు చేతగాని బరువైతే, 2022 నుంచి పనిచేస్తున్న టెలి మానస్ అనే ప్రభుత్వ ఉచిత ఫోను నంబరు 14416 ఉన్నది. ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చును. ఆ నంబరు వ్రాసి మూడు ఊళ్ళ మందిరముల గోడలకూ అంటించాము.

ఆ సహోదరుడు ఈ ఏడు మిరప మానుకొని శనగ వేశాడు. అప్పు ఇంకా ఉన్నది, కొంచెము కొంచెము తీరుస్తున్నాడు. ప్రతి ఆదివారము ఆరాధన అయ్యాక మేము బయటికి వచ్చేసరికి మా సైకిలు దగ్గర వంగి, రెండు టైర్లూ బొటనవ్రేలితో నొక్కి చూస్తూ ఉంటాడు.

"వెనుకది కొంచెం తగ్గిందండీ అయ్యగారూ, ఉండండి, గాలి కొడతాను" అంటాడు.

మేము ఆగుతాము.