మణికొండలో ఒక మగ్రిబ్

మణికొండకు దాపుననే హజ్రత్ హుసేన్ షా వలీ దర్గా ఉన్నది. హుసేన్ సాగర్‌కు వచ్చిన పేరు ఆయనదే. ఒకప్పటి ఈ జాగీరు గ్రామంలో నేడు ఎటు చూసినా అపార్టుమెంట్లు. ఐటీ కొలువులకై ఊళ్లు విడిచి వచ్చినవారే అధికం. మా మేనకోడలూ కడప నుంచి వచ్చి ఏడో అంతస్తులో కాపురముంటున్నది. అల్లుడిది రాత్రి డ్యూటీ.

పద్నాలుగు నెలల బిడ్డకు దవడపళ్లు వస్తున్నాయి. చొంగ, ఏడుపు, నిద్రలేమి. తడిపి ఫ్రిజ్‌లో చల్లబరచిన శుభ్రమైన గుడ్డను వాడు నములుతుంటే, వాణ్ణి చంకనెత్తుకునే ఆమె రొట్టెలు కాలుస్తున్నది. ఇంతలో కడప నుంచి ఫోను.

“అందరం బాగున్నాం అమ్మీ” అని క్లుప్తంగా ముగించింది. “నిజం చెబితే ఆమెకు నిద్ర పట్టదు మామూ” అన్నది నాతో.

మగ్రిబ్ నమాజుకు నేను ముందు నిలిచాను. వెనుక, ఆమె జానమాజు పక్కనే, బిడ్డ గుక్కపట్టాడు. పసివాని ఏడుపు వినబడితే, తల్లి పడే తల్లడం ఎరిగి, దైవప్రవక్త (స) నమాజును కుదించేవారు. నేనూ చిన్న సూరాలతో ముగించాను. (మా మదరసా పిల్లలు ఉంటే ఎంత సంతోషించేవారో!)

సలాం చెప్పి వెనుదిరిగేసరికి, బిడ్డను భుజాన వేసుకుని తానే కడపకు ఫోను చేస్తున్నది. ఈసారి ఏడుపు దాచలేదు.

“ఫోను వాడి చెవి దగ్గర పెట్టు” అన్నది మా ఆపా. అవతలి నుంచి జోల అందుకున్నది.