బోర్డుపై నిలిచిన ఊరు

ఆళ్లగడ్డ నుండి చదువు నిమిత్తమై నంద్యాలకు వచ్చిన నాకు తొలుత పరిచయమైనది ఒక టీ హోటలు. దాని యజమాని తన స్వగ్రామము పేరునే హోటలుకు పెట్టుకొనెను. కారణమడుగగా, "ఊరు విడిచినవానికి పేరైనా మిగలాల గదా, నాయనా!" అనెను.

హైదరాబాదులోని కరాచీ బేకరీ కథయు ఇట్టిదే. దేశవిభజన కాలమున సింధు నుండి వలస వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహీ మార్కెట్టు వద్ద దానిని స్థాపించెను. సరిహద్దుకు ఆవల మిగిలిన నగరము బోర్డుపై నిలిచినది. ఫ్రూట్ బిస్కట్టు ఇంటింటికి చేరినది. అయినను 2019లో, పుల్వామా దాడి పిదప, నిరసనకారుల ఒత్తిడికి బెంగళూరు శాఖ ఆ పేరును కప్పుకొనవలసి వచ్చినది. ఆ నగరమును విడిచి ఈ దేశమును వరించినవాడే ఆ పేరు పెట్టెనని ఎరిగినచో, కప్పుమనిన నోరు వెనుకాడియుండెడిది.

మిత్రులారా! చదువుకొన్నవారు బోర్డును మాత్రమే చదివి ఊరకుండరాదు. దాని వెనుకనున్న మనిషిని కూడ చదువవలెను.