సున్నంలో చిటికెడు నీలి

ఆదిభట్లలో ఔటర్ రింగు రోడ్డు పక్కన, విమాన విడిభాగాల కర్మాగారాలకు చేరువలో లేచిన కొత్త ఫ్లాట్లలో గృహప్రవేశ ముహూర్తం దగ్గరపడేకొద్దీ తలెత్తే తగవు గోడల రంగుది: గంధపు చాయ తేలిన బేజా, లేత నీలమా అని. బేజ్ అన్నది రంగు వేయని ఉన్నికి ఫ్రెంచివారు పెట్టుకున్న పేరు. బిస్కెట్ కలర్ అంటే పెయింటరుకు చప్పున తెలుస్తుంది, కాని షేడ్ కార్డు ఆ ఒక్క రంగుకే ఎడారులనూ గవ్వలనూ కాఫీ నురగనూ అంటగట్టి, అగ్గిపెట్టెంత ముక్క చూపి పదడుగుల గోడను ఒప్పిస్తుంది.

బేజ్ వెచ్చన, నీలం చల్లన అన్నది కంటి భావన. ఏప్రిల్ ఎండకు స్లాబు కాగినప్పుడు నీలిగోడల గదిలోనూ చెమట ఆరదు. దీపాల లెక్కలో ఈ మాట తలకిందులే అవుతుంది. కాంతి చాయను, కాగిన నల్లని వస్తువు వెలుగుతో పోల్చి కెల్విన్లలో చెప్పే కొలతను వర్ణోష్ణత అంటారు. వెచ్చన అనిపించే పసుపు బల్బుది 2700 కెల్విన్లైతే, చల్లన అనిపించే తెల్ల బల్బుది 6500. ఆ తెల్ల వెలుగు కింద బేజ్ బూడిద చాయకు దిగుతుంది, నీలం ఆసుపత్రి వార్డును తలపిస్తుంది. ఇక కట్టడాలు ఆగని చోట స్విచ్చుబోర్డు చుట్టూ పేరుకునే ఎర్రదుమ్మును బేజ్ కడుపులో దాచుకుంటుంది కనుక, తగవు అక్కడితో తెగవలసిందే.

అయితే నీలం పక్షాన ఒక పాత సాక్ష్యం ఉంది. లప్పం పూతలూ ఎమల్షన్లూ రాకముందు, పండగ వస్తోందంటే ఇంటికి పడేది సున్నం. కాల్చిన సున్నపురాళ్ల మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి విచ్చుకుంటాయి. గోడకెక్కిన ఆ తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి కాల్షియం కార్బొనేటుగా, అంటే మళ్లీ రాయిగా, గట్టిపడుతుంది. ఆ తెలుపులో మిగిలే పసుపు చాయను విరిచేందుకు, పంచెలకు పెట్టే నీలిమందునే చిటికెడు కలిపేవారు. పసుపుకు నీలం ఎదురు రంగు కాబట్టి గోడ మరింత తెల్లగా తోస్తుంది. ఒకప్పుడు నీలిమందంటే కడప, నెల్లూరు సీమల్లో నీలిచెట్ల ఆకు నానబెట్టి తీసి ఓడలకెక్కించిన సరుకు. 1828లో ఫ్రాన్సులో గిమే అనే రసాయనవేత్త అల్ట్రామెరైన్ అనే నీలిరంగు పొడిని కృత్రిమంగా తయారుచేసినందుకు బహుమతి పొందిన తరువాతి కాలంలో, పేరు అలాగే ఉండి పొట్లంలోని పొడి మారిపోయింది. ఆ పొడిని నేరుగా సున్నంలో వేయరాదు. పలచని గుడ్డలో మూటకట్టి, నీళ్లలో ఆడించి, దిగిన రంగును కొద్దికొద్దిగా పోస్తూ కర్రతో కలియబెట్టాలి, ఎక్కడ చిన్న గడ్డ మిగిలినా కుంచె సాగినంత మేర నీలిచార పడి, మరుసటి పండగ దాకా అలాగే ఉండిపోతుంది.