హిబియా బండి రెండో కొలువు

2011 నుండి ఎనిమిదేళ్ళపాటు నా ఉదయాలు ఒకే దారిన నడిచాయి. టోక్యోలో మనవాళ్ళు ఎక్కువగా కాపురముండే నిషికసాయిలో తోజాయి బండి ఎక్కడం, కయాబాచోలో దిగి హిబియా మార్గానికి మారడం, కమియాచోలో ఆఫీసు. ఆ హిబియా బండి పేరు 03 శ్రేణి. 18 మీటర్ల పెట్టెలు ఎనిమిది. రైలు పేరు అడిగి తెలుసుకొని ఎక్కేది చిన్నపిల్లలూ, నాబోటి పిచ్చివాళ్ళూ మాత్రమే.

1988లో పట్టాలెక్కిన ఆ బండిపై టోక్యోకు కలిగిన అభ్యంతరం వయసొక్కటే కాదు. కొన్నింటికి పెట్టెకు మూడు తలుపులు. మరికొన్నింటి చివరి పెట్టెలకు అయిదేసి. తలుపులు ఎప్పుడూ ఒకే చోట ఆగితే తప్ప ప్లాట్‌ఫారం అంచున రక్షణ ద్వారాలు అమర్చడం కుదరదు. అందుకని 2017లో 20 మీటర్ల పెట్టెలు ఏడు, పెట్టెకు నాలుగు తలుపులు గల 13000 శ్రేణిని దింపారు. 2020 ఫిబ్రవరితో హిబియా మార్గంలో 03 శ్రేణి కథ ముగిసింది.

నాకు ఆసక్తి కలిగించిన సంగతి ఆ తరువాతిది. మలుపులు ఎక్కువై, ప్లాట్‌ఫారాలు పొట్టివైన చిన్న రైలు కంపెనీలకు 20 మీటర్ల పెట్టె పనికిరాదు. 18 మీటర్లదే కావాలి. అది దొరకడమే కష్టం. ఆగీ ఆగని బస్సు కిటికీలోంచి చేతిరుమాలు వేసి సీటు ఆపుకొనేవారిలా నగానో, కుమమొతో, హొకురికు కంపెనీలు ఈ పాత పెట్టెలను అందుకొన్నాయి. నగానోకు చేరినవి మూడేసి పెట్టెల బండ్లు అయిదు. ఒంటికి ఎర్రచారలు వేశారు. కండక్టరు లేకుండా డ్రైవరు ఒక్కడే నడుపుకొనే ఏర్పాట్లు చేశారు. కుమమొతోలో 1500 వోల్టుల యంత్రాన్ని 600కు ఒప్పించాలి. అదే ఊరికి 2015లో చేరిన గింజా మార్గపు 01 శ్రేణి పడ్డ పాట్లు ఇంకా ఎక్కువ: పక్కనున్న మూడో పట్టానుండి కరెంటు తాగిన బండికి నెత్తిన పాంటోగ్రాఫు మొలిపించారు, 1435 మిల్లీమీటర్ల పట్టాలపై తిరిగినదానికి 1067కు సరిపడే కొత్త చక్రాల చట్రాలు తొడిగారు. దీన్ని మరమ్మతు అనడం అన్యాయం.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 2019లో నేను పనిచేస్తున్న సంస్థ టోక్యో శాఖను మూసివేసింది. అప్పటికి నాకు 48 ఏళ్ళు. ఇక్కడి దరఖాస్తులో పుట్టినతేదీ రాయడం ఆనవాయితీ కనుక దాచుకొనే వీలు లేదు. ఏడాదిన్నర తిరిగాను. పెద్ద కంపెనీలవాళ్ళు నవ్వుతూనే పంపేశారు. చివరకు నగానోలో ముప్పైమంది పనిచేసే ఒక చిన్న కంపెనీ పిలిచింది. సిగ్గుపడుతూ దరఖాస్తు అడుగున రాసుకొన్న కోబాల్ గురించే వాళ్ళ మొదటి ప్రశ్న. జీతం మూడోవంతు తగ్గింది. "అంత మంచులోకా?" అని మా ఆవిడ గొణిగింది గాని, సామాను సర్దింది.

2021 వసంతంలో సుజాకా స్టేషనులో నిలబడితే వచ్చింది అదే బండి! ఎర్రచారలు చూసి ఒక క్షణం తడబడ్డాను గాని, ఆ ముఖం మరచిపోయేది కాదు. ఆపిల్ తోటలు దాటి, రోడ్డూ రైలూ కలిసి నడిచే మురయామా వంతెనమీదుగా చికుమా నదిని దాటి, నగరం చేరాక జెంకోజిషితా దగ్గర నేలలోకి దిగింది. 1981లో తవ్విన సొరంగం అది, నాలుగే స్టేషన్లు. భూగర్భపు బండికి ఆ మాత్రం భూగర్భం ఇక్కడా దక్కింది.

దీనికంటె ముందే హిబియానుండి వచ్చినవి మరికొన్ని ఉన్నాయి. 1961లో ఆ మార్గాన్ని ప్రారంభించిన 3000 శ్రేణి బండ్లు 1993నుండి ఇక్కడ 3500 అనే పేరుతో తిరిగాయి. గుండ్రని ముఖం వల్ల జపానువాళ్ళు వాటిని తిమింగలం అనేవారు. రెండు పెట్టెలను 2007లో టోక్యో సంస్థ వెనక్కి తీసుకువెళ్ళి దాచుకొన్నది. మిగిలిన వాటి స్థానంలోకే 03 వచ్చింది. చివరి తిమింగలం 2023 జనవరిలో విరమించింది. అంతకుముందు సుజాకా యార్డులో రెండు తరాలనూ పక్కపక్కన చూశాను. ఫోను తీసేలోపే నా బండి కదిలిపోయింది.

ఆ సాయంత్రం ఇదంతా పూసగుచ్చినట్లు చెబితే, మా ఆవిడ వంకాయలు తరుగుతూ తలెత్తకుండానే అడిగింది: "ఇంతకీ దానికి జీతమెంత తగ్గించారట?"