రెండు కొబ్బరికాయలు



ముప్ఫై యేళ్ల కిందటి మాట. కోనసీమలో ఒక బడిలో నేను సైన్సు చెబుతున్నాను. గాజు పట్టకంలోంచి వెలుతురు పోవడం చూపిస్తూంటే, వెనక బెంచీ కుర్రవాడు లేచి, "మాస్టారూ! లోపల వున్నంతసేపూ అది వెలుతురేనా, గాజయిపోతుందా?" అని అడిగాడు. నాకు తెలియదు. తెలియదంటే పరువు పోతుందనుకుని, "పరీక్షలో రాని ప్రశ్నలెందుకు? కూర్చో!" అన్నాను. అందరూ నవ్వారు. ఆ యేడాదంతా వాడు మళ్లీ నోరు విప్పలేదు.

రిటైరయ్యాక తీరికగా చదివితే తెలిసింది, అది ఎంత పెద్ద ప్రశ్నో.

స్ఫటికంలో పరమాణువులు బారులు తీరి వుంటాయి గాని, కుదురుగా వుండవు, అదురుతూంటాయి. గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకంలో ఆ అదురు సెకనుకు సుమారు 8 లక్షల కోట్ల సార్లు! మన కృష్ణాజిల్లాలో పుట్టిన సూరి భగవంతంగారు 1928లో కలకత్తా వెళ్లి, రామన్‌గారి దగ్గర చేరి, యిటువంటి అదురు వెలుతురు మీద వేసే ముద్రనే పరిశోధించారు.

మరి వెలుతురును రెండు అద్దాల మధ్య స్ఫటికంతో కలిపి బంధిస్తే? మా పెరట్లో రెండు చెట్లకు తాడు కాస్త వదులుగా కట్టి, సమానమైన పురికొసలతో ఒకే బరువున్న రెండు కొబ్బరికాయలు వేలాడగట్టాను. ఒకదాన్ని తాడుకు అడ్డంగా తోశాను. కాసేపటికి అది ఆగిపోయి, తోయని కాయ వూగసాగింది! మళ్లీ వూపు మొదటిదానికి వచ్చింది. వూపు ఎవరిది? యిద్దరిదీను. వెలుతురూ, స్ఫటికంలోని ఎలక్ట్రాన్లూ యిలా వూపు పంచుకుంటే ఆ జంట పేరు పొలారిటాన్. 1958లో హాప్‌ఫీల్డ్ పెట్టిన పేరది. (ఆయనకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది గాని, వేరే పనికి.) కంటికి ఆనని పరారుణ కాంతితో, అద్దాల మధ్య అర్ధవాహకపు పొరల్లో యీ జంటను 1992లో చూశారు.

"తాతయ్యా! చివరికి రెండూ ఆగిపోయాయేం?" అంది మనవరాలు. వూపు గాలికీ, తాడు మీదుగా చెట్లకూ పోయింది. స్ఫటికంలో ఆ దొంగ పరమాణువుల అదురే. జంట వూగే తీరులు రెండు: కాయలు కలిసి ఒకే వైపుకు, లేదా ఎదురెదురుగా. రెండో తీరు కాస్త వేగం. ఆ తేడాకు అదురు సరిగ్గా సరిపోయిందా, జంట వేగం తీరునుంచి నిదానం తీరుకు చప్పున జారి, మిగిలిన శక్తిని అదురుకు యిచ్చేస్తుంది.

కిందటి సంక్రాంతికి ఆ కుర్రవాడు మా యింటికి వచ్చాడు. యిప్పుడు నలభై దాటినవాడు. పెరట్లోకి తీసుకుపోయి కాయలు వూపి చూపించి, "ఆనాటి నీ ప్రశ్నకు జవాబు యిదిరా," అన్నాను.

"ఏం ప్రశ్న మాస్టారూ?" అన్నాడు వాడు.